కాలిన గాయం మానాక మచ్చ ఎందుకు ఉబ్బుతుంది? ఎప్పుడు, ఎక్కడ చూపించుకోవాలి?

కట్టు తీసేశారు, పుండు ఆరింది, ఇక ఆసుపత్రితో పని లేదనుకుంటారు చాలామంది. కాలిన గాయాలకు, పెద్ద ఆపరేషన్లకు సంబంధించినంత వరకు ఇది పొరపాటు. నెల, రెండు నెలలు గడిచాక ఆ చోట చర్మం ఎర్రబడి, గట్టిపడి, ఉబ్బుగా లేవొచ్చు. నిద్రపట్టనంత దురద పుట్టొచ్చు. కీళ్ల దగ్గరైతే చర్మం లాగేసి చేయి చాపడమే కష్టం కావొచ్చు.

నెల్లూరు జిల్లా పశ్చిమాన ఉన్న వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు లాంటి మెట్ట ప్రాంతాల వారికి దూరం మరో సమస్య. చర్మవ్యాధుల విభాగం, ప్లాస్టిక్ సర్జన్ ఉండేది పెద్ద ఆసుపత్రుల్లోనే. వెళ్లి రావాలంటే ఒక రోజు పని పోతుంది. ‘మచ్చే కదా’ అని వాయిదా వేస్తారు. కానీ ఈ మచ్చలకు తేలికైన వైద్యం బాగా పనిచేసేది మొదటి కొద్ది నెలల్లోనే. మీరు నగరంలో ఉన్నా, ఊళ్లో ఉన్న మీ వాళ్లకు ఈ సమాచారం అవసరం పడొచ్చు.

అసలు ఎందుకు ఉబ్బుతుంది?

గాయాన్ని పూడ్చడానికి శరీరం కొల్లాజెన్ అనే ప్రొటీన్‌ను తయారు చేస్తుంది. గాయం మూసుకున్నాక ఈ పని నెమ్మదించాలి. కొందరిలో అది ఆగదు. అవసరానికి మించి కొల్లాజెన్ పేరుకుని మచ్చ పైకి లేస్తుంది. ‘కుట్లు సరిగా వేయలేదు’ అన్న నింద ప్రతిసారీ నిజం కాదు. గాయం లోతు, అది మానడానికి పట్టిన సమయం, శరీరంలో అది ఉన్న చోటు, వంశపారంపర్యం అన్నీ కారణాలే.

కాలిన గాయానికి మూడు వారాలు ముఖ్యమైన గడువు. అప్పటికీ మానకపోతే ఉబ్బెత్తు మచ్చ పడే అవకాశం బాగా పెరుగుతుంది. అందుకే అలాంటి గాయానికి చర్మం అతికించాలా అని డాక్టర్‌ను ముందే అడగాలి.

రెండు రకాలు, రెండు దారులు

పైకి ఒకేలా కనిపించినా ఇవి రెండు రకాలు.

హైపర్‌ట్రోఫిక్ మచ్చ: గాయం ఉన్నంత మేరకే ఉబ్బుతుంది, హద్దు దాటదు. సాధారణంగా నెల, రెండు నెలల్లో మొదలై కొన్ని నెలలు పెరుగుతుంది. తర్వాత ఏడాది, రెండేళ్లలో కొంత మెత్తబడి అణగొచ్చు. కాలిన గాయాల తర్వాత ఎక్కువగా వచ్చేది ఇదే.

కీలాయిడ్: గాయం హద్దు దాటి పక్కనున్న మంచి చర్మంలోకి పాకుతుంది. నెలల తర్వాత కూడా మొదలవ్వొచ్చు. దానంతట అది తగ్గడం అరుదు. ఛాతీ, భుజాలు, చెవి తమ్మెలు, దవడ దగ్గర ఎక్కువ. చెవులు కుట్టించుకున్న చోట, టీకా వేసిన చోట, ఛాతీ మీద మొటిమ మానిన చోట కూడా రావొచ్చు. ముదురు రంగు చర్మం ఉన్నవారిలో, పది నుంచి ముప్పై ఏళ్ల మధ్య వారిలో ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ తేడా తెలియకుండా ‘కోసేయండి’ అని అడగడం ప్రమాదం. కీలాయిడ్‌ను కోసి వదిలేస్తే సగానికి పైగా కేసుల్లో తిరిగి వస్తుంది, కొన్నిసార్లు ముందుకంటే పెద్దదిగా. కోయాల్సి వస్తే దాంతో పాటు ఇంజెక్షన్లు, ఒత్తిడి పట్టీ, కొందరికి రేడియేషన్ కూడా ఇస్తారు.

వైద్యంలో ఏం చేస్తారు?

సిలికాన్ జెల్ లేదా షీట్: గాయం పూర్తిగా మూసుకున్నాకే మొదలుపెట్టాలి. షీట్‌ను రోజుకు 12 గంటలు, వీలైతే అంతకన్నా ఎక్కువ, కనీసం రెండు మూడు నెలలు వాడాలి. దాన్ని కడిగి మళ్లీ వాడుకోవచ్చు. మన వేడికి కింద చెమటకాయలు వస్తే కొద్ది గంటలతో మొదలుపెట్టి సమయం పెంచాలి.

ఒత్తిడి దుస్తులు: పెద్ద కాలిన గాయాలకు కొలత తీసుకుని బిగుతుగా కుట్టిస్తారు. స్నానానికి తప్ప రోజంతా, ఆరు నెలల నుంచి ఏడాది వరకు వేసుకోమంటారు. ఎండాకాలంలో కష్టమే. కానీ మధ్యలో మానేస్తే ఫలితం దక్కదు.

స్టెరాయిడ్ ఇంజెక్షన్: ట్రయామ్‌సినలోన్ అనే మందును నేరుగా మచ్చలోకే ఎక్కిస్తారు. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి, పలుమార్లు చేయించుకోవాలి. మచ్చ మెత్తబడుతుంది, దురద తగ్గుతుంది. అక్కడి చర్మం పలచబడటం, రంగు తేలిపోవడం దుష్ప్రభావాలు. షుగర్ ఉన్నవారు, గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి.

పాత, మొండి మచ్చలకు లేజర్, అతి చల్లదనంతో గడ్డకట్టించే క్రయోథెరపీ వంటివి ఉన్నాయి. విటమిన్-ఇ నూనె రాస్తే మచ్చ పోతుందనడానికి సరైన ఆధారం లేదు. కొందరికి అది పడక దద్దుర్లు వస్తాయి.

కీళ్ల దగ్గర కాలితే ఆలస్యం వద్దు

మెడ, చంక, మోచేయి, వేళ్ల దగ్గర కాలితే మచ్చ ఉబ్బడంతో ఆగదు. ముడుచుకుపోతుంది. నొప్పి తెలియకుండా ఉండేలా మనిషి ఎటు ముడుచుకుంటే చర్మం అటే బిగుసుకుంటుంది. మెడ ముందు భాగం కాలినవారికి తల కింద దిండు పెట్టకపోవడం, చేతికి రాత్రిపూట చాచి ఉంచే పట్టీ కట్టడం, రోజూ వ్యాయామం చేయించడం ఇందుకే. ఇవి గాయం మానకముందే మొదలవ్వాలి. ఒకసారి బిగుసుకుపోతే ఆపరేషనే దారి. పిల్లల్లో ఒళ్లు పెరిగినంతగా మచ్చ సాగదు కాబట్టి, వాళ్లను కొన్నేళ్ల పాటు చూపిస్తూ ఉండాలి.

ఎక్కడికి వెళ్లాలి?

• ముందుగా దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రి. అక్కడి డాక్టర్ చూసి, అవసరమైతే పైకి రిఫర్ చేస్తారు.

• గ్రామ స్థాయి ఆరోగ్య కేంద్రం నుంచే ‘ఈ-సంజీవని’ ద్వారా వీడియో కాల్‌లో డాక్టర్‌తో మాట్లాడొచ్చు. బస్సెక్కే ముందు ఇది ప్రయత్నించండి.

• జిల్లాలో పెద్ద దిక్కు నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి. 2014లో మొదలైన ఏసీ సుబ్బారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాలకు ఇది అనుబంధం.

• కాలిన గాయాలకు ప్రత్యేక విభాగం కావాలంటే నెల్లూరు వారికి అందుబాటులో ఉన్న వాటిలో చెన్నైలోని కీల్పాక్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఒకటి.

ఆంధ్రప్రదేశ్‌లో ఒకప్పటి ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కింద కాలిన గాయాల చికిత్సకు, ముడుచుకుపోయిన అవయవాన్ని తిరిగి పనిచేయించే ఆపరేషన్‌కు ప్యాకేజీలు ఉన్నాయి. అందం కోసమే చేసే చికిత్సకు సాధారణంగా వర్తించదు. అందుకే ‘మచ్చ బాగోలేదు’ అని కాకుండా ‘చేయి పూర్తిగా చాపలేకపోతున్నాను, ముద్ద కలుపుకోలేకపోతున్నాను’ అని ఉన్న ఇబ్బంది ఉన్నట్టు చెప్పాలి. ఏ ఆసుపత్రిలో ఏది వర్తిస్తుందో 104కు ఫోన్ చేసి కనుక్కోవచ్చు. డిశ్చార్జి కాగితాలు, ఆధార్, రేషన్ కార్డు వెంట ఉంచుకోండి. నెలకోసారి మచ్చ పక్కన స్కేలు పెట్టి ఫోన్‌లో ఫొటో తీయండి. పెరుగుతోందా, తగ్గుతోందా అన్నది డాక్టర్‌కు ఒక్క చూపులో తెలుస్తుంది.

ఇంట్లో గుర్తుంచుకోవాల్సినవి

• కాలిన వెంటనే 20 నిమిషాలు మామూలు నీటి ధార కింద ఉంచాలి. పేస్టు, సిరా, పసుపు, ఐస్ పెట్టకూడదు.

• గుడ్డు, చేప తింటే చీము పడుతుందని పత్యం పెట్టొద్దు. గాయం మానడానికి ప్రొటీన్ కావాలి.

• మానిన మచ్చకు రోజూ మాయిశ్చరైజర్ రాసి మృదువుగా మర్దన చేయాలి, ఎండ తగలకుండా కప్పుకోవాలి.

• ఇంట్లో ఎవరికైనా కీలాయిడ్ ఉంటే ఆపరేషన్‌కు ముందే సర్జన్‌కు చెప్పాలి. చెవులు, ముక్కు కుట్టించే ముందు మరోసారి ఆలోచించాలి.

• ఏళ్ల నాటి కాలిన మచ్చ మీద పుండు పడి మానకపోతే తప్పనిసరిగా చూపించాలి. అరుదుగా అది క్యాన్సర్ కావొచ్చు.

మచ్చ పూర్తిగా మాయమవుతుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మొద్దు. మెత్తబడటం, దురద తగ్గడం, కీలు కదలడం మాత్రం చాలామందికి సాధ్యమే. అందుకే కట్టు విప్పిన రోజే ‘మళ్లీ ఎప్పుడు రావాలి?’ అని అడిగి తేదీ రాయించుకోండి.