తాడు ఎవరి మెడకు?

కోలారు జిల్లా ముళబాగిలు తాలూకా ఆవనిలో శివరాత్రికి జరిగే పశువుల జాతరలో గొడ్లతోపాటు తాళ్ల బేరమూ సాగుతుంది. పలుపు, పగ్గం, మెడపట్టెడ, ముగుతాడు, దేని పని దానిదే. ముగుతాడు రెండు ముక్కుపుటాల మధ్యనున్న పొరలోంచి దూరి కొమ్ముల వెనక ముడిపడుతుంది. దాన్ని పిల్లవాడు రెండు వేళ్లతో లాగినా కోడె తల తిప్పాల్సిందే. పొలాల మీద పడే గొడ్డుకైతే మెడ నుంచి గుదికర్ర వేలాడదీసేవారు. నెమ్మదిగా నడిచినంతసేపూ అది ఏమీ చేయదు, పరుగు తీస్తే మాత్రం ముంగాళ్లకు కొడుతుంది. ఇవన్నీ చూస్తే పశువు పొగరును బట్టి తాడు పుట్టిందనిపిస్తుంది. నాకు మాత్రం, ఏ మెడకు తాడు పడాలో తేల్చింది పశువు స్వభావం కన్నా అది చేసే నష్టానికి ఎవరు జవాబు చెప్పాలన్న లెక్కేననిపిస్తుంది. కంచె లేని రాగిచేను పక్కనే మేత బీడు ఉన్న చోట పలుపు అంటే పొరుగువాడికి ఇచ్చిన హామీ. పక్కనున్న మద్రాసు రాజధానిలో 1871 నాటి పశువుల చట్టం చేసిందీ ఇదే: చేలో పడ్డ గొడ్డును బందెలదొడ్డికి తోలి, జరిమానా యజమాని నుంచి రాబట్టింది.

బలమైన జంతువును కట్టక తప్పదు కదా, ఇందులో లెక్కలేముంటాయి అని అడగవచ్చు. అయితే ఊళ్లో అందరికన్నా బలమైన పశువు ఆంబోతు. దానికి ముగుతాడూ లేదు, పలుపూ లేదు. దేవుడి పేర అచ్చు వేసి వదిలేశాక అది ఎవరి సొత్తూ కాదు, ఎవరి చేలో మేసినా అడిగేందుకు మనిషి లేడు. 19వ శతాబ్దం చివర్లో అలహాబాదు, కలకత్తా హైకోర్టులు కూడా అలా వదిలిన ఎద్దు ఎవరి ఆస్తీ కాదనే తేల్చాయి. బలమే తాడుకు కారణమైతే మొదట కట్టాల్సింది దాన్నే.

కుక్క కథ ఇంకా స్పష్టం. కోలారు పాతపేరు కువలాలపురం. ఆ పురానికి అధీశ్వరులమని బిరుదు చెప్పుకున్న గంగరాజుల్లో బూతుగుడి సేవకుడు మణలేరుడు యుద్ధంలో చూపిన పరాక్రమానికి బహుమతిగా కోరింది కాళి అనే వేటకుక్కను. మండ్య జిల్లా ఆతకూరు శాసనం (క్రీ.శ. 949–50) ఈ సంగతి చెబుతుంది. పెద్ద అడవిపంది మీదికి ఉసిగొల్పితే కుక్కా పందీ రెండూ చచ్చాయి. కాళి పేర రాయి నిలిపి, భూమి ఇచ్చి, ఆ రాయికి పూజ చేయకుండా పూజారి భోంచేయకూడదని కట్టడి పెట్టారు. వేటకుక్కలకు అప్పుడూ తాడు ఉండే ఉంటుంది, కాదనను. కానీ వేటగాడి చేతిలో తాడు సరైన క్షణంలో వదలడానికి. అది కుక్కను జనం నుంచి దూరంగా పట్టి ఉంచే తాడు కాదు.

ఆ రెండో రకం తాడు పట్టణంతో వచ్చింది. 1832లో బొంబాయిలో పోలీసులు వీధికుక్కల్ని చంపుతుంటే పార్సీలు తిరగబడ్డారు. ఇళ్లలో పెంచుకునే కుక్కల్నీ వదల్లేదన్నది వాళ్ల ఫిర్యాదుల్లో ఒకటి. పెంపుడు కుక్కేదో వీధి కుక్కేదో దూరం నుంచే తెలియాలంటే మెడలో ఏదో ఒక గుర్తు ఉండాలి. పిచ్చికుక్క కాటు భయం దీనికి తోడైంది. దక్షిణాదిలో ఆ వైద్యానికి కూనూరులో పాస్చర్ ఇన్‌స్టిట్యూట్ తెరిచింది 1907లో. అప్పటికే 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ చేతిలో కోలారు బంగారు గనులు పెరిగి, మారికుప్పం, ఛాంపియన్ రీఫ్‌ల చుట్టూ కూలి లైన్లు కిక్కిరిశాయి. పల్లెలో చేను కాసిన కుక్కకు ఈ లైన్ల మధ్య కాయడానికి చేను లేదు, తిరగడానికి సందు తప్ప. ఇలాంటి చోట కుక్క మెడపట్టీ అలవాటు నేర్పే సాధనం అయ్యేముందే ఫలానావారిదని చెప్పే చీటీ అవుతుంది.

ఇదంతా మనుషుల స్వార్థమే, జంతువు మేలు ఎక్కడుంది అని ఎవరైనా అంటే ఒప్పుకోవాల్సిందే. ఆ మేలు చట్టంలోకి సూటిగా వచ్చింది 1960లో. మరీ పొట్టి గొలుసుతోగానీ మరీ బరువైన గొలుసుతోగానీ అకారణంగా ఎక్కువసేపు కట్టడం, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తిప్పకపోవడం జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరాలయ్యాయి. కోలారు పాల సంఘానికి పాలు పోసే ఇళ్లలో ఇప్పుడు ఎక్కువగా కనిపించేది పాకలోనే మేత అందుకునే సీమావు. దాన్ని చేలోకి తోలేవారే తక్కువ కాబట్టి పొరుగువాడి పంటకు దాని వల్ల భయం లేదు. అయినా దాని పలుపు పొడుగు పెరగలేదు.