ఒక దొరతనపు భవనము – పలు ప్రయోజనములు

ప్రభుత్వ భవనమనగానే మన గ్రామములలో జ్ఞప్తికి వచ్చునవి శిస్తు, కచేరి, బంట్రోతు. కాని యట్టి భవనములలో కొన్నింటి చరిత్రను పరిశీలించినచో, కట్టించినవారి యుద్దేశ మొకటియు, అందు ప్రవేశించినవారు సాధించినది మరొకటియు నని తెలియును. రాజమహేంద్రవరమునందలి ప్రభుత్వ కళాశాల ఇందుకు నిదర్శనము. మన గ్రంథాలయోద్యమమునకు గూడ దానితో సంబంధము గలదు గనుక, ఈ రజతోత్సవ సంచికలో దాని వృత్తాంతమును సంగ్రహముగా మనవి చేయుచున్నాను.

1847లో కాటన్ దొర యారంభించిన ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియయ్యెను. మరుసటి సంవత్సరమే, అనగా 1853లో, రాజమహేంద్రవరమున జిల్లా పాఠశాల వెలసెను. కాలువలు, శిస్తు లెక్కలు, న్యాయస్థానములు పెరుగుచుండగా ఇంగ్లీషు నేర్చిన గుమాస్తాలు దొరతనమువారికి కావలసివచ్చిరి. కాలువ నీట వరి పండి నాలుగు రూకలు చేతనాడిన రైతునకు, కుమారుని పట్టణమునకు పంపి చదివింపవలెనను కోరిక కలిగెను. ఈ రెండవసరములును ఒకే ప్రాంగణమున కలసికొన్నవి. ఆ పాఠశాలయే 1873లో రెండవ తరగతి కళాశాలగాను, 1877లో మొదటి తరగతి కళాశాలగాను అభివృద్ధి చెందెను. ప్రధానాధ్యాపకుడు మెట్కాఫ్ దొర. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయ మేర్పడువరకు అందలి విద్యార్థులకు పట్టములిచ్చినది మదరాసు విశ్వవిద్యాలయము.

గుమాస్తాలను తయారుచేయుటకై కట్టిన యింటిలో మొదట మొలకెత్తినది సంఘసంస్కారము. అచ్చట తెలుగు పండితులుగా నుండిన కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన తొలి వితంతు వివాహమును జరిపించిరి. పట్టణమున పెద్దలనేకులు వెలివేతకు సిద్ధపడియుండగా, పంతులుగారి ప్రక్కన నిలిచి పెండ్లియింటికి కాపుగాసినవారు కళాశాల విద్యార్థులే.

పిమ్మట ఆ విద్యార్థులే దొరతనమునకు ఎదురునిలిచిరి. 1907 ఏప్రిలులో బిపినచంద్రపాలుడు రాజమహేంద్రవరమునకు వచ్చి ఉపన్యసించెను. ఆ యుపన్యాసములను చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారు తెలుగున వినిపించిరి. విద్యార్థులు వందేమాతర చిహ్నములు ధరించి తరగతులకు రాగా, ప్రధానాధ్యాపకుడైన మార్క్ హంటరు దొర కోపించి వారిని శిక్షించెను. బహిష్కృతులైనవారిలో, ఉపాధ్యాయ శిక్షణ పొందుచుండిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ముఖ్యులు. ప్రభుత్వోద్యోగ ద్వారములు వారికి మూతపడెను. మరుసటి యేడు 1908లో, తమ పత్రికయగు ‘స్వరాజ్య’లోని వ్రాతకై వారు కారాగారమున కేగవలసివచ్చెను.

కాలము మారినది. హంటరు దొర తర్వాత ప్రధానాధ్యాపకుడైన కూల్డ్రే దొర చిత్రలేఖనమునం దభిమానము గలవాడు. ఆయన ప్రోత్సాహమున దామెర్ల రామారావు, అడవి బాపిరాజుగార్లు కళాకారులైరి. 1918లో మైసూరునకు వెళ్ళుటకు పూర్వము సర్వేపల్లి రాధాకృష్ణపండితులు ఇచ్చట తత్త్వశాస్త్రమును బోధించిరి. ఆ విద్యాలయము నేటికిని ప్రభుత్వ కళాశాలగనే కొనసాగుచున్నది.

ఇక గ్రంథాలయముల మాట. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల ప్రథమ మహాసభ జరిగెను. దానికి పూనుకొన్నవారు అయ్యంకి వేంకటరమణయ్యగారు. అధ్యక్షత వహించినవారు చిలకమర్తివారు. నాడు కొలువునకు అనర్హుడని త్రోసివేయబడిన హరిసర్వోత్తమరావుగారు అనంతరము గ్రంథాలయ సంఘమునకు బహుకాలము అధ్యక్షులై, 1960లో దివంగతులగువరకు వయోజన విద్యకును గ్రంథాలయములకును పాటుపడిరి. ఒక తరగతి గదినుండి వెడలగొట్టబడిన వ్యక్తి వేలాది పల్లెవాసులకు చదువుగది తెరచెను. మన గ్రంథాలయమును ఆ కృషి ఫలములలో నొకటి.

కళాశాల చరిత్ర పెద్దది కాబట్టి నిలిచినది. మన ప్రాంతమున లాకుల బంగళాలు, పాత కచేరీలు, శిథిలమైన సత్రములు పెక్కు గలవు. వానిలో ఎవరు కూర్చుండిరో, ఏమి జరిగెనో యెరిగిన వృద్ధులు నానాటికి తగ్గిపోవుచున్నారు. చందాదారులలో వ్రాయనేర్చిన యువకులు అట్టివారిని సమీపించి, విన్నదానిని సంవత్సరములతో సహా వ్రాసి మన గ్రంథాలయమున భద్రపరుపవలెనని ప్రార్థన. గోడలు పడిపోయినను వ్రాత నిలుచును.