మత్తిగిరి గుర్రాలు, మైసూరు కావలు భూములు

మా హోసూరు పక్కన మత్తిగిరి పశువుల ఫారం అందరికీ తెలుసు. అయితే అది 1824లో కుంపిణీ సైన్యం గుర్రాల కోసం మొదలయిందని చాలామందికి తెలియదు. దాని విస్తీర్ణం సుమారు 1,600 ఎకరాలు. గుర్రాలకు ఇంత నేల ఎందుకు? గుర్రం మేసే తీరు చూస్తే అర్థమవుతుంది. ఆవుకు పైదవడలో ముందుపళ్ళు లేవు. నాలుకతో గడ్డిని చుట్టి లాగుతుంది గనుక కొంత మొదలు మిగులుతుంది. గుర్రానికి రెండు దవడల్లోనూ ముందుపళ్ళు ఉన్నాయి, నేలకు అంటుకునేట్టు కొరికేస్తుంది. పైగా తనకు నచ్చిన చోటే మళ్ళీ మళ్ళీ మేస్తుంది, లద్దె వేసిన చోట మూతి పెట్టదు. అందుకే ఒకే దొడ్డిలో సగం బోడిగా, సగం ఏపుగా కనిపిస్తుంది.

కొరికిన గడ్డి వేరులోనూ మొదట్లోనూ దాచుకున్న బలంతో మళ్ళీ చిగురిస్తుంది. ఆ చిగురును కూడా వెంటనే కొరికేస్తే వేరు కురచబడి, చివరికి మొక్కే చస్తుంది. ఇది మా సైన్సు పుస్తకంలో లేదు గానీ పశువుల కాపరులకు ఎప్పుడో తెలుసు.

దీనికి చరిత్రలో పెద్ద ఉదాహరణ మైసూరు రాజ్యం. చిక్కదేవరాయ ఒడెయరు కాలంలో బెణ్ణె చావడి అని రాజు పశువుల శాఖ ఉండేది. టిప్పు సుల్తాను దానికే అమృత మహల్ అని పేరు పెట్టాడు. (అప్పుడు మా హోసూరు కూడా ఆ రాజ్యంలోదే.) ఫిరంగులు లాగే ఎద్దులు అక్కడినుంచే వచ్చేవి. వాటి మేతకు విడిచిన భూములను కావలు అంటారు. మన కావలి అన్న మాటే అది. ఇప్పుడు ఆంధ్ర సరిహద్దులో తెలుగువాళ్ళు ఎక్కువున్న చళ్ళకెరె వైపు కూడా ఈ భూములు ఉన్నాయి.

నాకు బాగా నచ్చింది వాళ్ళ ఏర్పాటు. కావలు భూములను ఎండాకాలానివి, వానకాలానివి, చలికాలానివి అని మూడు రకాలు చేశారు. ఎండాకాలానివి ఎక్కువగా చెరువు కడుపుల్లో, చెట్ల నీడ ఉన్న చోట ఉండేవి. మంద ఒక చోట మేస్తుంటే తక్కిన రెండు చోట్లా కాపలా. అంటే నేలకు విశ్రాంతి అనేది ఎవరి దయమీదా ఆధారపడలేదు, అది సర్కారు చట్టం. టిప్పు పోయాక 1860లో ఖర్చు తగ్గించాలని ఇంగ్లీషువాళ్ళు ఈ శాఖనే ఎత్తేసి పశువులను అమ్మేశారు. సైన్యానికి మంచి ఎద్దులు దొరకక 1866లో మళ్ళీ మొదలుపెట్టారు. ఆరేళ్ళు! ఎత్తేయడానికి ఒక సంతకం చాలు, మందను మళ్ళీ కూడగట్టడానికి ఎంత తిప్పలు పడుంటారో.

ఇదంతా నేను ఎందుకు చదివానంటే, మా ఊరి మేత పొరంబోకు ఇప్పుడు బోడి నేల. మా తాతకు నలభై గొర్రెలు. ఒక వానకాలం మూసేసి గడ్డి విత్తనం చల్లుదామని కొందరు పంచాయతీలో అడిగారు. అంజన్ గడ్డి మా నేలకు సరిపోతుంది. విత్తనం దూదిలా తేలిక, గాలికి పోతుంది. అందుకని తడిమట్టిలో కలిపి, తొలి వానలకు పైపైన చల్లాలి. కోసిన వెంటనే సరిగా మొలవదు, కొన్ని నెలలు నిలవ ఉండాలి. మొదటి ఏడు గింజ రాలేదాకా ఒక్క గొర్రె కూడా దిగకూడదు.

"అంతదాకా గొర్రెలు ఏం తినాలప్పా?" అన్నాడు తాత. ఆ మాటకు ఎవరూ జవాబు చెప్పలేదు. నా దృష్టిలో తాత అడిగిందే అసలు చరిత్ర ప్రశ్న. మైసూరు మందకు మూడు చోట్లు ఉన్నాయి గనుకనే రెండు చోట్ల నేల పడుకుంది. మాకున్నది ఒక్కటే. దాని పక్కనున్న బీళ్ళు ఇప్పుడు ఇళ్ళ ప్లాట్లు.

చివరికి చెరువు వైపు పావు భాగానికి మాత్రం ముళ్ళకంప వేద్దామని అనుకున్నారు. తక్కిన ముప్పావు మేతకే. ఆ పావు భాగంలో ఏ రాత్రి ఎవరు కాపలా ఉండాలన్నది ఇంకా తేలలేదు. మొదటి వారం తాను ఉంటానని తాత అన్నాడు.