పాత బార్దాన్, డ్రమ్ములు, గంజ్ ఉల్లి వ్యర్థాలు: మలక్‌పేట నుంచి తెచ్చుకునే రైతులకు జాగ్రత్తలు

హైదరాబాద్ మలక్‌పేట గంజ్‌కు ఉల్లి, ఎండుమిర్చి అమ్ముకోవడానికి వచ్చే రైతులు చాలామంది ఖాళీ బండితో తిరిగి వెళ్లరు. ఒకరు వాడి పక్కన పెట్టిన గోనె సంచులు, ప్లాస్టిక్ డ్రమ్ములు, క్రేట్లు, పైపులు, మోటార్లు, పాత చీరలు తక్కువ ధరకు దొరికితే బండిలో వేసుకుంటారు. కొందరు గంజ్‌లో పారబోసిన ఉల్లిని పశువులకో ఎరువుకో తీసుకెళతారు. చిన్న, సన్నకారు రైతుకు ఇది మంచి పొదుపే. అయితే పాత వస్తువుతోపాటు పురుగు, తెగులు, విషం, ఒక్కోసారి పోలీసు కేసు కూడా ఇంటికి వచ్చే ప్రమాదం ఉంది. ఏది తెచ్చుకోవచ్చు, ఏది తేకూడదు, తెచ్చినదాన్ని ఎలా శుభ్రం చేయాలి అనే వివరాలు ఈ వ్యాసంలో తెలుసుకోండి.

పాత సామాను ఎక్కడి నుంచి వస్తుంది?

మలక్‌పేట మార్కెట్ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరుతో ఉన్న మహబూబ్ మాన్షన్ ఆవరణలో నడుస్తోంది. ఇక్కడికి తెలంగాణ జిల్లాలతోపాటు కర్నూలు, మహారాష్ట్ర నుంచి కూడా ఉల్లి వస్తుంది. సరుకు దిగిన చోట ఖాళీ సంచులు మిగులుతాయి. వాటిని కొని, చిరుగులు కుట్టి, కట్టలు కట్టి మళ్లీ అమ్మడం ఒక వ్యాపారం. మిగతా పాత వస్తువులు కబాడీ దుకాణాల్లో, ప్రతి గురువారం పురానాపూల్ వైపు జరిగే జుమ్మేరాత్ బజార్‌లో దొరుకుతాయి.

వీధుల్లో ఏరుకునేవారు కబాడీకి ఇస్తారు, కబాడీవారు పెద్ద వ్యాపారికి ఇస్తారు, ఆ వ్యాపారి మీకు అమ్ముతాడు. ఇలా మూడు నాలుగు చేతులు మారేసరికి ఆ వస్తువులో ఇంతకుముందు ఏముండేదో చెప్పేవారు ఉండరు. అందుకే ధర అడగడానికి ముందు "ఇందులో ముందు ఏం పోశారు?" అని అడగండి. జవాబు రాకపోతే ఆ వస్తువును తిండికి, నీటికి, విత్తనానికి వాడకండి.

పాత గోనె సంచులు

ధాన్యం, పప్పులు, మిర్చి నిల్వలో పురుగు ఎక్కువగా పాత సంచుల ద్వారానే కొత్త పంటకు చేరుతుంది. ముక్కు పురుగు, నుసి పురుగు, పప్పుల్లో వచ్చే పుచ్చు పురుగు గోనె కుట్లలో, మడతల్లో దాగి ఉంటాయి. ఖప్రా పురుగు పిల్ల దశలో తిండి లేకపోయినా నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి బతికి ఉంటుంది. సంచి ఖాళీగా ఉంది కదా, పురుగు చచ్చిపోయి ఉంటుందిలే అనుకోకూడదు.

కొనేటప్పుడు:
- కట్టలో పైన ఉన్న సంచులు చూసి సరిపెట్టుకోకండి. మధ్యలో నుంచి నాలుగైదు తీసి, లోపలి వైపు తిరగేసి, తెల్ల గుడ్డ మీద దులపండి. పురుగు, పొడి, గూళ్ల దారాలు రాలితే ఆ కట్ట వద్దు.
- తడి వాసన, నల్ల మచ్చలు, బూజు ఉన్నవి తీసుకోకండి. ముఖ్యంగా మిర్చి, వేరుశనగ, మొక్కజొన్నకు బూజు సంచులు వాడితే అఫ్లాటాక్సిన్ అనే విషపదార్థం తయారయ్యే అవకాశం పెరుగుతుంది. అప్పుడు సరుకు ధర పడిపోతుంది, తినేవారి ఆరోగ్యమూ చెడుతుంది.
- గులాబీ, నీలం, ఎరుపు రంగు పొడి అంటుకుని ఉంటే అది శుద్ధి చేసిన విత్తనాల సంచి కావచ్చు. ఆ రంగు పురుగుమందుకు, తెగులు మందుకు గుర్తు. అలాంటి సంచిలో తిండిగింజలు పోయకూడదు.
- యూరియా, ఇతర ఎరువుల ప్లాస్టిక్ సంచులను పశువుల ఎరువు, ఇసుక, మట్టి మోయడానికే వాడండి.

శుద్ధి చేసే విధానం:
1. సంచులను ఇంటికి, గోదాముకు దూరంగా దులపండి. రాలిన చెత్తను వెంటనే కాల్చేయండి లేదా లోతుగా పూడ్చండి.
2. తిండిగింజలకు వాడే సంచులను మరిగే నీటిలో 15 నిమిషాలు ఉంచి తీసి, ఎర్రటి ఎండలో 2, 3 రోజులు రెండు వైపులా తిప్పుతూ ఆరబెట్టండి.
3. విత్తనం నిల్వకైతే లీటరు నీటికి 2 మి.లీ. మలాథియాన్ 50 ఈ.సి. కలిపిన ద్రావణంలో 10 నిమిషాలు ముంచి, పూర్తిగా ఆరిన తర్వాతే వాడండి. చేతికి తొడుగులు, ముఖానికి గుడ్డ తప్పనిసరి.
4. కొద్దిగా తడి ఉన్నా సంచి నింపకండి. నింపిన సంచులను నేలమీద కాకుండా చెక్క బల్లల మీద, గోడకు ఆనకుండా పేర్చండి. ఎండుమిర్చిలో తేమ 10, 11 శాతానికి మించకూడదు.

తూకంలో కూడా ఒక విషయం గమనించండి. ప్రభుత్వ ధాన్యం కొనుగోళ్లకు వాడే 50 కిలోల కొత్త గోనె సంచి బరువు సుమారు 580 గ్రాములు. అతుకులు వేసిన పాత సంచి, తడి సంచి ఇంతకంటే ఎక్కువ తూగుతుంది. బార్దాన్ బరువు కింద ఎంత కోస్తున్నారో కాంటా దగ్గరే అడగండి. అనుమానం ఉంటే పది ఖాళీ సంచులు కలిపి తూచి, సగటు తీయమనండి.

ఉల్లి వల సంచులు, క్రేట్లు

ఉల్లికి గాలి ఆడాలి కాబట్టి పాత వల సంచులు బాగా పనికివస్తాయి. అయితే నల్ల బూజు, అడుగు కుళ్ళు తెగులు కలిగించే శిలీంధ్రాలు వాటికి అంటుకుని ఉంటాయి. వల సంచులను, ప్లాస్టిక్ క్రేట్లను ముందు మట్టి పోయేలా కడిగి, లీటరు నీటికి 3 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీటిలో 10 నిమిషాలు ఉంచి, మంచి నీటితో మళ్లీ కడిగి ఎండబెట్టండి. మట్టి పోకముందే బ్లీచింగ్ వేస్తే దాని బలం మట్టికే సరిపోతుంది. క్రేట్ల మీద వేరొకరి పేరు, మార్కు ఉంటే బిల్లు లేకుండా కొనకండి.

ప్లాస్టిక్ డ్రమ్ములు

200 లీటర్ల నీలం డ్రమ్ము ఇప్పుడు దాదాపు ప్రతి పొలంలో కనిపిస్తుంది. నీటికి, పశువుల తొట్టికి, జీవామృతానికి దాన్నే వాడుతున్నారు. ఈ డ్రమ్ముల్లో కొన్ని నూనె, పండ్ల గుజ్జు, గ్లూకోజ్ పాకం నింపినవి. మరికొన్ని ఆమ్లాలు, ద్రావకాలు, మందుల పరిశ్రమల రసాయనాలు నింపినవి. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి.

- లేబుల్ చించేసిన డ్రమ్ము వద్దు. పుర్రె, మంట, చేతిని తినేస్తున్న ద్రవం బొమ్మ, ఎర్ర అంచు ఉన్న డైమండ్ గుర్తు ఉంటే అసలు వద్దు.
- అడుగున త్రికోణంలో 2 అంకె ఉంటే అది హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ అని మాత్రమే అర్థం. తిండికి పనికొస్తుందని కాదు.
- రసాయనం ప్లాస్టిక్‌లోకి ఇంకిపోతుంది. సబ్బుతో, చింతపండుతో, బూడిదతో ఎన్నిసార్లు కడిగినా అది పూర్తిగా పోదు. ఎండ తగిలినప్పుడు కొద్దికొద్దిగా నీటిలోకి దిగుతుంది.
- జీవామృతానికి 200 లీటర్ల నీటిలో 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు మట్టి వేస్తాం. ఇది సూక్ష్మజీవుల మీద నడిచే పని. రసాయనం మిగిలి ఉన్న డ్రమ్ములో ఆ జీవులు చచ్చిపోతాయి, మీ బెల్లం, శ్రమ వృథా అవుతాయి.
- ఖాళీ ఇనుప పీపాను గ్యాస్ కట్టర్‌తో కోయడం, వెల్డింగ్ చేయడం ప్రాణాంతకం. లోపల మిగిలిన ద్రావకం ఆవిరి పేలిపోతుంది.

పురుగుమందు డబ్బాలు: ఎప్పటికీ వద్దు

2013 జూలై 16న బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామ పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లలు చనిపోయారు. వంటలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నట్లు పరీక్షల్లో తేలింది. ఆ మందు ఉండే డబ్బాలో వంటనూనె పోసి ఉంచడమే కారణమని విచారణలో చెప్పారు. ఒక పాత డబ్బా తిరిగి వంటింట్లోకి వస్తే జరిగే నష్టం ఇంత పెద్దది.

మందు డబ్బా మీద వజ్రాకారపు గుర్తులో ఎరుపు ఉంటే అతి తీవ్ర విషం, పసుపు ఉంటే తీవ్ర విషం, నీలం ఉంటే మధ్యస్థం, ఆకుపచ్చ ఉంటే తక్కువ విషం. ఏ రంగు డబ్బా అయినా ఇంటి అవసరాలకు వాడకూడదు. ఖాళీ డబ్బాలను పగలగొట్టి జనావాసాలకు దూరంగా పూడ్చిపెట్టాలని 1971 నాటి పురుగుమందుల నియమాల్లో 44వ నియమం చెబుతోంది.

మందు అయిపోగానే డబ్బాలో పావు వంతు నీళ్లు పోసి, మూత పెట్టి, బాగా కుదిపి, ఆ నీటిని స్ప్రేయర్ ట్యాంకులోనే పోయండి. ఇలా మూడుసార్లు చేయండి. తర్వాత డబ్బాకు అడుగున రంధ్రం చేయండి. బావిలో, కాలువలో వేయకండి, కాల్చకండి. నాలుగు రూపాయలు వస్తాయని పాత సామానువారికి ఇవ్వకండి. మీరు ఇచ్చిన డబ్బా ఏ ఊళ్లో ఏ ఇంటి నీళ్ల డబ్బా అవుతుందో ఎవరూ చెప్పలేరు.

గంజ్‌లో పారేసిన ఉల్లి

వాన పడినప్పుడు, ధర పడిపోయినప్పుడు మెత్తబడిన ఉల్లి కుప్పలుగా మిగులుతుంది. దాన్ని ఉచితంగా తెచ్చి పశువులకు వేయడం చాలా ప్రమాదం. ఉల్లిలోని గంధక పదార్థాలు పశువు ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఆవులు దీనికి త్వరగా లోనవుతాయి, గేదెలకూ ముప్పే. గొర్రెలు, మేకలు కొంత తట్టుకుంటాయి. మేత తగ్గడం, నీరసం, చిగుళ్లు పాలిపోవడం, మూత్రం ముదురు ఎరుపుగా లేదా కాఫీ రంగులో రావడం, శ్వాసలో ఉల్లి వాసన దీని లక్షణాలు. ఇవి వెంటనే కాకుండా కొన్ని రోజుల తర్వాత కనిపించవచ్చు. లక్షణాలు కనబడగానే ఉల్లి ఆపి, పశువైద్యుడిని పిలవండి. చూడి పశువులకు, పాడి పశువులకు ఉల్లి అసలు పెట్టకండి. పాలకు కూడా వాసన వస్తుంది.

ఉల్లి వ్యర్థాలకు మంచి దారి కంపోస్టు. జానెడు మందం ఉల్లి, దానిపై అంతకు రెట్టింపు ఎండు గడ్డి లేదా కంది కట్టె ముక్కలు, పైన పేడ నీళ్లు, కొద్దిగా మట్టి, ఇలా పొరలు వేయండి. 15 రోజులకోసారి తిరగేయండి. పచ్చి ఉల్లిని వానపాముల తొట్టిలో వేయకండి, వానపాములు దానికి దూరంగా పోతాయి. ఈ ఎరువును ఉల్లి, వెల్లుల్లి వేసే మడిలో కాకుండా ఇతర పంటలకు వాడితే కుళ్ళు తెగులు తిరిగి రాదు.

మార్కెట్ వ్యర్థానికి విలువ ఉందనడానికి నగరంలోనే ఉదాహరణ ఉంది. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో వ్యర్థాల నుంచి బయోగ్యాస్, విద్యుత్తు తయారుచేస్తున్నారు. 2021 జనవరిలో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో దీని గురించి చెప్పారు.

పాత చీరలు, ఇనుము, మోటార్లు

అడవి పందుల బెడద ఉన్న చోట పొలం చుట్టూ రంగు రంగుల పాత చీరలు కట్టడం తక్కువ ఖర్చు పద్ధతి. పంది కిందినుంచి దూరుతుంది కాబట్టి చీర అంచు నేలను తాకేలా కట్టండి. పందులు అలవాటు పడకుండా మధ్యమధ్యలో రంగులు, చోట్లు మార్చండి. కంచెకు కరెంటు మాత్రం పెట్టకండి. అది నేరం, మనుషుల ప్రాణాలూ పోతున్నాయి.

లారీ కమాన్ పట్టీల ఉక్కు గట్టిది. ఊళ్లో కమ్మరి చేత కొడవళ్లు, గొడ్డళ్లు, పారలు చేయించుకోవచ్చు. పాత మోటారు కొంటే మెకానిక్‌ను వెంట తీసుకెళ్లి, వైండింగ్ పరీక్షించి, లోడు మీద నడిపించి చూశాకే డబ్బు ఇవ్వండి.

పొలాల్లో మోటార్లు, రాగి తీగ, కేబుళ్లు దొంగతనాలకు గురవుతున్న సంగతి మీకు తెలుసు. అవి చివరికి పాత సామానుగానే అమ్ముడవుతాయి. దొంగ సొత్తు అని తెలిసి, లేదా తెలుసుకోవడానికి తగిన కారణం ఉండి కూడా కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద 3 సంవత్సరాల వరకు జైలు శిక్ష పడవచ్చు. అమ్మినవారి పేరు, చిరునామా, మోటారు నంబరుతో బిల్లు తీసుకోండి. బిల్లు ఇవ్వనంటే వదిలేయండి. తోటి రైతు బోరు ఎండబెట్టిన మోటారు మన బోరులో దిగకూడదు.

కొనే ముందు లెక్క

కొత్త వస్తువు ఎన్ని సీజన్లు వస్తుంది, పాతది ఎన్ని వస్తుంది అని చూడండి. కొత్త సంచి 4 సీజన్లు, పాతది 2 సీజన్లు వచ్చేలా ఉంటే, పాతదాని ధర కొత్తదాని ధరలో సగానికంటే బాగా తక్కువ ఉండాలి. శుద్ధి ఖర్చు, కూలి, కిరాయి కూడా కలపండి. అప్పటికీ మిగిలితేనే అది బేరం.

గుర్తుంచుకోండి
- శుద్ధి చేసి వాడదగినవి: గోనె సంచులు, వల సంచులు, క్రేట్లు, చీరలు, ఇనుము.
- పూర్వం ఏముండేదో తెలిస్తేనే: డ్రమ్ములు, పీపాలు. బిల్లు ఉంటేనే: మోటార్లు, పైపులు, కేబుళ్లు.
- ఎప్పటికీ వద్దు: పురుగుమందు డబ్బాలు, లేబుల్ లేని రసాయన డ్రమ్ములు, పశువుల మేతగా పారేసిన ఉల్లి.

మరిన్ని సలహాలకు మీ మండల వ్యవసాయ అధికారిని లేదా కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 నంబరును సంప్రదించండి. పశువుల అత్యవసర వైద్యానికి 1962కు, మనుషులకు విషం సోకినట్లు అనుమానం వస్తే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ డబ్బాను లేదా దాని లేబుల్‌ను డాక్టరుకు చూపించడానికి తప్పక వెంట తీసుకెళ్లండి.