రాగతి పండరి

రాగతి పండరి (1965–2015) విశాఖపట్నానికి చెందిన వ్యంగ్య చిత్రకారిణి. తెలుగులో తొలి మహిళా కార్టూనిస్టుగా ప్రసిద్ధురాలు. చిన్ననాడే పోలియో సోకి నడక కష్టమైనా, ఊహించని స్థాయిలో గీశారు. ఆమె కార్టూన్లు వేల సంఖ్యలో అచ్చయ్యాయి.

నేపథ్యం: తెలుగు కార్టూన్‌కు ఆద్యుడు తలిశెట్టి రామారావు. 1930ల నాటికే ‘భారతి’ పత్రికలో ఆయన బొమ్మలు వచ్చాయి. అయినా ఆ రంగం చాలాకాలం మగవారిదే. ఎనిమిదేళ్లకే బొమ్మలు మొదలుపెట్టిన పండరికి కార్టూనిస్టు జయదేవ్ స్ఫూర్తి.

కృషి: వారపత్రికల స్వర్ణయుగంలో కార్టూనిస్టులు తెల్ల కార్డుపై ఇండియన్ ఇంకుతో గీసి, తపాలాలో పంపేవారు. ఊరు విడవకుండానే రాష్ట్రమంతటి పాఠకులను చేరడానికి అదే దారి. పండరి బొమ్మల్లో మధ్యతరగతి ఇల్లే రంగస్థలం: వంటింటి గడప, వీధి అరుగు, భార్యాభర్తల చిరు కలహం, ఇరుగుపొరుగు ముచ్చట్లు. మాట తక్కువ, చురుకు ఎక్కువ. ఇంటి ఇల్లాలిని హాస్యానికి గురిగా కాక, హాస్యం పుట్టించే మనిషిగా నిలిపారు.

రచన: తన జీవితాన్ని ‘నా గురించి నేను’ పేరిట ఆత్మకథగా వెలువరించారు.

మరణం: 2015 ఫిబ్రవరిలో విశాఖలో కన్నుమూశారు. తర్వాతి మహిళా కార్టూనిస్టులకు ఆమె గీతే తొలి బాట.