వార్డెన్ పెట్టిన సంతకం: ఎథిక్స్ కమిటీ ఎందుకు అడుగుతుందో భద్రాచలం చెబుతుంది

అనకాపల్లి నుంచి మాట్లాడుతున్నా. ఈ ఎపిసోడ్‌లో చెప్పబోయేది గ్రూప్స్ సిలబస్‌లో కనిపించని చరిత్ర. కానీ యూనివర్సిటీలో ప్రాజెక్టు చేసే ప్రతి ఒక్కరికీ పనికొస్తుంది.

మన వైపు నుంచి విశాఖ వెళ్లి పీజీ, పీహెచ్‌డీ చేసేవాళ్లలో చాలామందికి ఒకటే విసుగు. "అన్నా, నేను పాడేరు ఏజెన్సీకి వెళ్లి, పిల్లలు ఏం తింటున్నారో నాలుగు ప్రశ్నలు అడగాలి, అంతే కదా. దానికి ఎథిక్స్ కమిటీ అనుమతి ఏంటి, తెలుగులో సమాచార పత్రం ఏంటి, తల్లిదండ్రుల సంతకాలు ఏంటి?" అని. న్యాయమైన ప్రశ్నే. జవాబు కోసం మరీ దూరం వెళ్లక్కర్లేదు, గోదావరి ఒడ్డున భద్రాచలం దాకా వెళ్తే చాలు.

ముందు రెండు ముక్కల్లో ప్రపంచం సంగతి. నాజీ డాక్టర్లు ఖైదీల మీద చేసిన ప్రయోగాలపై విచారణ ముగిశాక, 1947లో న్యూరెంబర్గ్ నియమావళి వచ్చింది. మనిషి ఇష్టపడి ఒప్పుకోవాలి అన్నది అందులో మొదటి మాట. అమెరికాలోనేమో టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా, నలభై ఏళ్లు, సిఫిలిస్ ఉన్న నల్లజాతి మగవాళ్లకు వైద్యం చేయకుండా జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు.

ఇక మన కథ. 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలో ఒక ప్రాజెక్టు మొదలైంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ప్రధాన కారణమైన హెచ్‌పీవీ వైరస్‌కి టీకా. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు, దాదాపు 14 వేల మంది. నడిపింది పాత్ అనే అమెరికా సంస్థ. ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం భాగస్వాములు. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. గుజరాత్‌లోని వడోదరలో కూడా ఇలాంటిదే జరిగింది.

ఆ పిల్లల్లో చాలామంది గిరిజన ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లలో ఉండేవాళ్లు. అమ్మానాన్నలు ఎక్కడో కొండల మీద గూడేల్లో. 2010 మార్చిలో మహిళా ఆరోగ్య కార్యకర్తలు భద్రాచలం వెళ్లి వివరాలు సేకరించారు. టీకా తీసుకున్నవాళ్లలో కొందరు పిల్లలు చనిపోయారని బయటికొచ్చింది. ఆంధ్రలో ఐదుగురు, గుజరాత్‌లో ఇద్దరు. ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టు ఆపేసింది.

ఇక్కడ జాగ్రత్తగా వినండి, ఎందుకంటే వాట్సాప్‌లో ఈ కథ సగమే తిరుగుతుంది. కేంద్రం వేసిన విచారణ కమిటీ ఆ మరణాలకి టీకా కారణమని తేల్చలేదు. పాము కాటు, నీట మునగడం, పురుగుమందు, మలేరియా లాంటి కారణాలు కనిపించాయి. హెచ్‌పీవీ టీకాని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పటికీ సిఫార్సు చేస్తోంది. కాబట్టి ఇది టీకా చెడ్డదనే కథ కాదు.

మరి తప్పెక్కడ? కాగితాల్లో. ఆంధ్రలో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలవి. 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు. పిల్లని కన్నవాళ్లకు ఏ టీకా, ఎందుకు, ఏమైనా అయితే ఎవరికి చెప్పాలి అన్న సమాచారమే చేరకపోతే, ఆ సంతకం ఎవరి ఒప్పుకోలు?

నిర్వాహకుల వాదన కూడా చెప్పాలి. టీకాకి దేశంలో అప్పటికే లైసెన్సు ఉంది, కాబట్టి ఇది క్లినికల్ ట్రయల్ కాదు, అమలు ఎలా ఉంటుందో చూసే ప్రదర్శన ప్రాజెక్టు మాత్రమే అన్నారు. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం తన 72వ నివేదికలో దీన్ని ఒప్పుకోలేదు. పేరు మార్చి ట్రయల్ నిబంధనల్ని పక్కన పెట్టారని గట్టిగానే తప్పుబట్టింది.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఏంటంటే, ఈ ప్రాజెక్టుకి ఎథిక్స్ అనుమతులు ఉన్నాయి! ఫైల్లో అంతా ఉంది. ఊళ్లోకి వెళ్లేసరికి జారిపోయింది. ఇంజనీరింగ్ భాషలో చెప్పాలంటే టెస్టింగ్ పాసైంది, ప్రొడక్షన్‌లో పడిపోయింది. మంచి టీకా మీద కూడా జనానికి అనుమానం వచ్చేలా చేసింది ఆ జారుడే.

ఆ తర్వాత నియమాలు బిగిశాయి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. అధ్యక్షులు ఆ సంస్థకి బయటివాళ్లు అయ్యుండాలి. చట్టం తెలిసినవాళ్లు, సామాన్య పౌరులు కూడా ఉండాలి. పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతితో పాటు పిల్లల ఇష్టం కూడా అడగాలి. 7 నుంచి 12 ఏళ్ల వాళ్లని నోటిమాటగా, 12 నుంచి 18 వాళ్లని రాతపూర్వకంగా. 2019 నిబంధనలతో వైద్య, ఆరోగ్య పరిశోధనలు చూసే ఎథిక్స్ కమిటీలకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది.

ఇప్పుడు మళ్లీ పాడేరు ప్రాజెక్టుకి వద్దాం. కమిటీ మిమ్మల్ని ఆశ్రమ పాఠశాల పిల్లల తల్లిదండ్రుల్ని ఎలా కలుస్తారు అని అడిగితే, అది మీ మీద అనుమానం కాదు. ఆ 2,763 సంతకాలు గుర్తుండి అడుగుతున్న ప్రశ్న. పత్రం తెలుగులో రాసి ఊరుకోకండి. అక్కడ ఇంట్లో కువి మాట్లాడితే, ఆ భాష వచ్చినవాళ్లని వెంట తీసుకెళ్లి చదివి వినిపించండి. సంత రోజు చూసుకుని వెళ్లండి, పెద్దవాళ్లు దొరుకుతారు. "వద్దు" అంటే నవ్వుతూ లేచి వచ్చేయండి.

మనం రోజూ ఫోన్లో చదవకుండానే ఐ అగ్రీ నొక్కేస్తాం. అది మన అలవాటు. ఆ అలవాటుని ఇంకొకళ్ల పిల్లల మీదకి తీసుకెళ్లకూడదు, అంతే.

మీ కాలేజీలో ఈ అనుమతి ఎలా నడుస్తుందో కామెంట్లో రాయండి. ఉంటాను.