టేగెల్ చెరసాలలో పుట్టిన కవితలు: బోన్‌హోఫర్ రచనల చారిత్రక పరిశీలన

అపొస్తలుడైన పౌలు కాలమునుండి చెరసాల సంఘమునకు రచనలను ఇచ్చుచునే ఉన్నది. ఇరువదవ శతాబ్దములో అట్టివాటిలో ముఖ్యమైనవి జర్మనీ దేశపు లూథరన్ కాపరి డీట్రిక్ బోన్‌హోఫర్ కవితలు. వీటిని మనము ఓదార్పు మాటలుగానే ఎరుగుదుము. వాటి చరిత్రను వరుసగా చూచినచో, అవి ఒక నిర్ణయమునకు సాక్ష్యములని గ్రహించగలము.

1943 ఏప్రిల్ 5న నాజీ ప్రభుత్వము ఆయనను బంధించి బెర్లిన్‌లోని టేగెల్ సైనిక చెరసాలలో ఉంచింది. అక్కడ మొదట నాటకము, నవల వ్రాయ ప్రయత్నించారు. 1944 జూన్‌లో, తనకు ప్రధానము చేయబడిన మారియా వచ్చి చూచి వెళ్లిన తరువాత కవిత్వము మొదలైంది. ఆ కవితలో ఉన్నది ఎడబాటు వేదన.

అయితే ఆయన చూపు తన గదిలోనే ఆగలేదు. నగర సైనికాధికారి ఆయన తల్లి తరపు బంధువని తెలియగానే కాపలావారు ఆయనను మర్యాదగా చూడసాగారు. ఇతర ఖైదీలకు తిట్లు, చాలీచాలని తిండి. ఈ అన్యాయమును ఆయన ఒక నివేదికగా వ్రాశారు. టేగెల్ రాత్రులను గూర్చిన కవితలో తోటి ఖైదీల నిట్టూర్పులు వినబడతాయి. 1944 జూలైలో వ్రాసిన మరొక కవిత, ఆపదలో దేవుని వేడుకొనుట అందరూ చేయుదురనియు, శ్రమపడు దేవుని యొద్ద నిలుచుటయే క్రైస్తవుని గుర్తనియు తెలుపుతుంది.

జూలై 20న హిట్లరుపై హత్యాయత్నము విఫలమైంది. కుట్రతో ఆయనకున్న సంబంధము క్రమముగా బయటపడసాగింది. ఒక కావలివాని సహాయముతో పారిపోవుటకు ఏర్పాటు జరిగింది. కాని అక్టోబరు 1న అన్న క్లౌస్ బంధింపబడగా, తన వలన కుటుంబమునకు కీడు కలుగునని ఆ ప్రయత్నము మానుకొన్నారు. ఆ దినములలో పుట్టినదే యోనాను గూర్చిన కవిత. దోషము తనదని ఒప్పుకొని, ఇతరులు బ్రదుకునట్లు తన్ను సముద్రములో పడవేయుమన్న ప్రవక్తను ఆయన ఎందుకు ఎన్నుకొన్నారో వేరుగా చెప్పనక్కరలేదు.

అక్టోబరు 8న ఆయనను గెస్టపో నేలమాళిగకు మార్చారు. డిసెంబరులో అక్కడనుండి తనవారికి పంపిన కవితయే తరువాత అనేక దేశములలో సంవత్సరాంత ఆరాధన గీతమైనది. 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బర్గ్‌లో ఆయనను ఉరితీశారు. ఆయన కాపాడగోరిన క్లౌస్‌ను కూడ అదే నెలలో కాల్చి చంపారు.

కాపరులమైన మనము ఆ గీతమును దుఃఖపడు కుటుంబములకు వినిపించునప్పుడు, పారిపోవు మార్గముండియు నిలిచిపోయినవాని మాటగా వినిపించవలెను. జైలు పరిచర్యకు వెళ్లు మన విద్యార్థులు వాక్యము చెప్పుటతో ఆగక, ఖైదీల తిండిని, అవమానమును గూర్చియు విచారించవలెను. బోన్‌హోఫర్ కవితయు, నివేదికయు ఒకే చెరసాలలో వ్రాయబడినవి. వాటిని వేరుచేయుటకు మనకు హక్కు లేదు.